సంక్రాంతికి ఊరెళ్లే ముందు కారు టైర్ల సైజు మారుస్తున్నారా? ఇవి చూసుకోండి

- ముందుగా టైరు మొత్తం ఎత్తు లెక్కేయండి. అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది. 185/65 ఆర్15 (వెడల్పు 185 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు) టైరు ఎత్తు 621.5 మి.మీ. అదే రిమ్ముకి 205/65 వేస్తే 647.5. ఒక్కో చుట్టుకి కారు 4 శాతం ఎక్కువ దూరం పోతుంది. స్పీడు మీటరు లెక్కపెట్టేది చుట్లనే కాబట్టి దానికి ఆ సంగతి తెలియదు. ఇంతకుముందు సరిగ్గా చూపించే మీటరైతే, ఇప్పుడు 100 దగ్గర అసలు వేగం 104. బ్రేకు వేశాక ఆగే దూరం పెరుగుతుంది, స్పీడ్ చలానా వేరే. వెడల్పే కావాలంటే రిమ్ములు మార్చి 195/55 ఆర్16 వేయించండి, ఎత్తు 620.9, దాదాపు పాతదే.

- లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) తగ్గనివ్వకండి. 88 అంటే టైరుకి 560 కిలోలు, 84 అంటే 500. పండగ సామానుతో ఐదుగురు ఎక్కే బండికి ఆ తేడా ప్రమాదం.

- మనుషులు కూర్చున్నాక స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. చక్రం గూడు లోపల టైరు ఎక్కడా ఒరుసుకోకూడదు.

- ఎత్తు పెరిగితే పికప్ తగ్గుతుంది, పై గేరులో నడిపినట్టే. ఘాట్ రోడ్డులో, ఓవర్‌టేక్‌కి ముందు గేరు కాస్త ముందే దించండి.

- స్టెప్నీ పాత సైజుదే ఉందా? పంక్చరైతే నెమ్మదిగా దగ్గరి షాపు వరకే.

- బయలుదేరే ముందురోజు ఖాళీ రోడ్డు మీద నిలకడగా 80లో వెళ్తూ, పక్కనున్నవాళ్లని ఫోన్‌లో జీపీఎస్ వేగం చూడమనండి. మీటరు కాస్త ఎక్కువ చూపిస్తే ఫర్వాలేదు. తక్కువ చూపిస్తే మాత్రం ఆ టైర్లతో ప్రయాణం పెట్టుకోకండి.