గ్యారేజీ తలుపు మొరాయించిందా? ముందు ఇంజిన్ ఆపండి

మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడుస్తున్న కారు, లోపల స్పృహ తప్పిన మనిషి. ఇలాంటి వార్త మళ్లీ కంటబడింది, అందుకే రాస్తున్నాను. మోటారుతో తెరుచుకునే గ్యారేజీ తలుపు మొరాయిస్తే మోటారు ప్లగ్గు చూడండి, రిమోట్ బ్యాటరీ మార్చండి లాంటివి మీకు తెలిసినవే.

ఆ తలుపు తెరవడానికి కారులోనే ఉండే బటన్‌కి తలుపు కదలకపోతే చేతి రిమోట్, గోడ స్విచ్ కూడా నొక్కి చూడండి. గోడ స్విచ్ ఒక్కటే పనిచేస్తుంటే దాని మీద లాక్ పడిందేమో చూసుకోవాలి. అది పడితే రిమోట్లేవీ పనిచేయవు. మోటారు దగ్గర ఎల్ఈడీ బల్బు పెట్టినప్పటి నుంచే ఈ గొడవైతే బల్బు తీసి చూడండి, కొన్ని బల్బులు సిగ్నల్‌ని చెడగొడతాయి. చేతి రిమోట్ బాగానే ఉండి కారు బటన్ మాత్రమే పనిచేయకపోతే కారుకి మళ్లీ కోడ్ నేర్పాలి. మోటారు మీది లెర్న్ బటన్ (కొత్త రిమోట్‌ని గుర్తుపెట్టుకునేలా చేసేది) నొక్కి వెంటనే వదిలేయండి. నొక్కి పట్టుకుంటే చాలా మోటార్లలో పాత రిమోట్లన్నీ చెరిగిపోతాయి. తర్వాత దాదాపు 30 సెకన్లలో కారు బటన్ నొక్కాలి.

ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. ఆ తొందరలో తలుపు మూసి ఉండగానే కారు స్టార్ట్ చేసి, రెండు నిమిషాల పనే కదా అని లోపలే కూర్చుంటారు. అది ఎప్పుడూ రెండు నిమిషాల్లో తేలదు. ఇంజిన్ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అసలు కారుకి కోడ్ నేర్పే ఈ పనికి చాలా కార్లలో ఇంజిన్ అక్కర్లేదు, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే చాలు. స్టార్ట్ బటన్ ఉన్న కారైతే బ్రేక్ తొక్కకుండా నొక్కండి.

ఇంజిన్ ఆపండి. హైబ్రిడ్ కారు చప్పుడు చేయడం లేదని నమ్మకండి, డ్యాష్‌బోర్డు మీద 'రెడీ' వెలుగుతుంటే ఇంజిన్ దానంతటదే అందుకుంటుంది. తలుపు సగం ఎత్తితే గాలి ఆడుతుందనుకోకండి. ఇంట్లోకి వెళ్లే తలుపు మూసి ఉంచండి, ఆ వాయువు గదుల్లోకి పాకుతుంది. తలుపు పైన ఆగిపోయి ఉంటే మోటారు నుంచి తలుపుని విడదీసే ఎర్ర తాడు లాగకండి, తలుపు బరువు మోసే స్ప్రింగు విరిగి ఉంటే తలుపు బరువంతా ఒక్కసారిగా కిందికొస్తుంది. స్ప్రింగు చుట్ల మధ్య ఖాళీ కనబడితే విరిగినట్టే, మెకానిక్‌ని పిలవండి. మీరు ముట్టుకోవద్దు. తలుపు కింద ఏదైనా అడ్డుంటే పసిగట్టే సెన్సార్లు తప్పించేలా వైర్లు ముడేయకండి. తలుపు కింద కారు ఆపి పరీక్షించకండి. పిల్లల్ని బయటే ఉంచండి. ఇంజిన్ ఆపారా? మళ్లీ చూడండి. తల బరువెక్కినా, కడుపులో తిప్పినా ఉన్నది ఉన్నట్టు వదిలేసి బయటికి నడవండి, అంబులెన్స్‌కి బయట నుంచే ఫోన్ చేయండి.