అమెరికాలో ఉన్న అబ్బాయితో మాటలు ఇలా కుదిరాయి

మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. రాత్రి మా భోజనాలయ్యాక ఫోన్ చేస్తే వాడికి ఆఫీసు హడావుడి, "తిన్నావా" "తిన్నాను" తప్ప మాట సాగేది కాదు, పెట్టేశాక వాళ్ళమ్మకి ఒకటే టెన్షన్.

అందుకని టైమ్ మార్చేశాం. ఇప్పుడు ఆదివారం పొద్దున్న ఆర్కే బీచ్‌లో నడక అయ్యాక, కురుసుర సబ్‌మెరైన్‌కి కాస్త ఇవతల కూర్చుని 7 గంటలకు చేస్తున్నాం. అక్కడ శనివారం రాత్రి 8:30 (నవంబరులో వాళ్ళ గడియారాలు వెనక్కి జరిగాక 7:30), తీరిగ్గా ఉంటాడు. పెళ్ళి ఊసు వాడెత్తితే తప్ప మేం ఎత్తం. పిల్లలు పెద్దయ్యాక ఇది చాలా ముఖ్యం.

మొన్న చేపల పులుసు ఎలా పెట్టాలని వాడే అడిగాడు. పులుసు బాగా మరిగాకే ముక్కలు వెయ్యాలని, ఆ తర్వాత గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పాలని వాళ్ళమ్మ ఓపిగ్గా చెప్పింది.