టెక్సస్‌లో ఇంటి పన్ను మీద అప్పీలు: లాయర్‌ను ఎప్పుడు, ఎలా పెట్టుకోవాలి?

టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు. ఆ లోటులో చాలా భాగం ఇళ్ల మీద పడుతుంది. అందుకే ఏప్రిల్‌లో అప్రైజల్ డిస్ట్రిక్ట్ (కౌంటీలో ఇళ్లకు విలువ కట్టే సంస్థ) నుంచి నోటీసు రాగానే ఫ్రిస్కో, ప్లేనో, కేటీ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "మీకెంత పెంచారు?" అన్నదే మాట. ఆ వెంటనే "మా లాయర్ నంబర్ పంపనా?" అని ఇంకొకరు. నంబర్ తీసుకోండి, ఫోన్ మాత్రం అప్పుడే చేయకండి.

1. నోటీసులో రెండు అంకెలు చూడండి

ఒకటి మార్కెట్ విలువ, రెండోది అప్రైజ్డ్ విలువ, అంటే పన్ను లెక్కకు తీసుకునేది. మీరుంటున్న ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంటే, మార్కెట్ ఎంత ఎగిరినా అప్రైజ్డ్ విలువను ఏడాదికి 10 శాతం కంటే ఎక్కువ పెంచకూడదు. కొత్తగా గది కట్టించుకుంటే దాని లెక్క వేరు. మినహాయింపు తీసుకున్న మొదటి ఏడాది ఈ పరిమితి ఉండదు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. మీ ఇంటి మార్కెట్ విలువ 7.5 లక్షల డాలర్లు, అప్రైజ్డ్ విలువ 6.4 లక్షలు అనుకుందాం. లాయర్ వాదించి మార్కెట్ విలువను 7.1 లక్షలకు దించాడు. మీకు ఈ ఏడాది మిగిలింది? సున్నా. పన్ను లెక్క మొదలయ్యేది 6.4 లక్షల నుంచే కదా. కానీ ఒప్పందంలో ఫీజు "విలువ తగ్గింపు" మీద అని రాసి ఉంటే, ఆ 40 వేల తగ్గింపు చూపించి బిల్లు పంపుతారు. ఫీజు మీ పన్నులో నిజంగా తగ్గిన డాలర్ల మీద ఉండాలి. ఆ ఒక్క వాక్యం కోసం ఒప్పందమంతా చదవండి.

2. ప్రొటెస్ట్ మీరే వేసేయండి

ప్రొటెస్ట్ అంటే డిస్ట్రిక్ట్ కట్టిన విలువ మీద అభ్యంతరం. గడువు మే 15, లేదా నోటీసు పంపిన రోజు నుంచి 30 రోజులు, ఏది ఆలస్యమైతే అది. చాలా కౌంటీల్లో ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. మార్కెట్ విలువ ఎక్కువ వేశారన్న కారణంతో పాటు, ఇలాంటి ఇతర ఇళ్లతో పోలిస్తే అసమానంగా వేశారన్న కారణం కూడా టిక్ పెట్టండి. లాయర్‌ను తర్వాతైనా పెట్టుకోవచ్చు, గడువు మాత్రం తిరిగి రాదు.

3. మొదటి రెండు మెట్లకు లాయర్ అక్కర్లేదు

ముందు డిస్ట్రిక్ట్ తరఫున విలువ కట్టే అప్రైజర్‌తో మామూలు మాటలు. అక్కడ తేలకపోతే ఈ అభ్యంతరాలు విని తేల్చే అప్రైజల్ రివ్యూ బోర్డు, అందరూ ఏఆర్‌బీ అంటారు. మామూలు ఇంటికి ఈ రెండూ సొంతంగా చేసుకోవచ్చని నా అభిప్రాయం. డిస్ట్రిక్ట్ తన దగ్గరున్న ఆధారాలను మీరు అడిగితే విచారణకు కనీసం 14 రోజుల ముందు ఇవ్వాలి. తప్పకుండా అడగండి.

టెక్సస్‌లో ఇళ్ల అమ్మకం ధరలు బహిరంగ రికార్డుల్లోకి రావు. కాబట్టి మీకు తెలిసిన రియల్టర్‌ను అడిగి జనవరి 1కి దగ్గరగా మీ వీధిలో, మీ పక్క వీధుల్లో అమ్ముడైన ఇళ్ల వివరాలు తెప్పించుకోండి, ఎందుకంటే విలువ కట్టేది ఆ రోజుకే. డాలస్ వైపు బంకమట్టి నేల కదిలి ఫౌండేషన్ పగుళ్లు రావడం మామూలే. తలుపు మూలన పగులు ఫోటో ఒక్కటే పెడితే తలాడించి పంపేస్తారు. దాని పక్కన రిపేరు కంపెనీ ఇచ్చిన కొటేషన్ పెట్టండి, అప్పుడు మాట్లాడతారు.

రెండు జాగ్రత్తలు. అప్రైజర్ చెప్పిన అంకెకు సంతకం పెడితే ఆ ఏడాదికి కథ ముగిసినట్టే, దాని మీద అప్పీలు లేదు. ఏఆర్‌బీ విచారణకు వెళ్లకపోతే పై దారి కూడా మూసుకుపోవచ్చు.

4. ఏఆర్‌బీ ఆర్డర్ వచ్చాక లెక్క వేసుకోండి

ఆర్డర్ అందిన 60 రోజుల్లో నిర్ణయించుకోవాలి. మీరుంటున్న ఇంటికి బైండింగ్ ఆర్బిట్రేషన్ ఉంది, అంటే కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పుకు ఇద్దరూ కట్టుబడటం. డిపాజిట్ ఇల్లు 5 లక్షల లోపైతే 450 డాలర్లు, పైనైతే 500. తీర్పు ఏఆర్‌బీ అంకె కంటే మీ అంకెకు దగ్గరగా వస్తే 50 డాలర్లు మినహాయించుకుని మిగతాది తిరిగిస్తారు. దీనికీ లాయర్ తప్పనిసరి కాదు.

రెండో దారి డిస్ట్రిక్ట్ కోర్టు. లాయర్ నిజంగా పనికొచ్చేది ఇక్కడ. పన్ను రేటు మొత్తం 2 శాతం అనుకుంటే, 40 వేల తగ్గింపుకు మిగిలేది 800 డాలర్లు. కోర్టు ఫీజుకే అందులో పెద్ద ముక్క పోతుంది. అదే కమర్షియల్ బిల్డింగో, నాలుగైదు అద్దె ఇళ్లో ఉంటే లెక్క మారిపోతుంది. ఆస్తి ఎల్‌ఎల్‌సీ (కంపెనీ) పేరు మీద ఉంటే మీరే వెళ్లి వాదిస్తానంటే కుదరదు, లాయర్ ఉండాల్సిందే.

5. లాయరా, కన్సల్టెంటా?

పత్రికల్లో ప్రకటనలిచ్చే "ట్యాక్స్ ప్రొటెస్ట్" సంస్థల్లో చాలావరకు కన్సల్టెంట్లవే. వాళ్లకు రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ టీడీఎల్‌ఆర్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏఆర్‌బీ వరకు వాళ్లు చాలు, కోర్టులో మాత్రం నిలబడలేరు. లాయరైతే స్టేట్ బార్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి, లైసెన్సు ఉందా, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా చూడండి. మన ఊరివాడని మొహమాటపడొద్దు.

తర్వాత ఇవి అడగండి: అప్రైజల్ డిస్ట్రిక్ట్ మీద కేసులు వేశారా, మా కౌంటీలో వేశారా? ఫీజు గంటలకా, మిగిలిన పన్నులో వాటానా? కోర్టు ఫీజు, నిపుణుడైన అప్రైజర్ ఖర్చు ఎవరిది? ఓడిపోతే నేనేం కట్టాలి? రాజీకి వస్తే ఎవరు నిర్ణయిస్తారు? ఇది చివరిదే అయినా ముఖ్యమైనది, ఈ కేసులు చాలావరకు రాజీతోనే ముగుస్తాయి. వాటా పద్ధతైతే ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలని టెక్సస్ లాయర్ల నియమావళే చెబుతోంది. "నమ్మకం మీద చేద్దాం సార్" అంటే లేచి వచ్చేయండి.

6. కేసు ఉందని పన్ను ఆపొద్దు

జనవరి 31 లోపు కనీసం వివాదం లేని మొత్తమైనా కట్టాలి, లేకపోతే కేసే చెల్లకుండా పోతుంది. ఇంటి లోన్ ఎస్క్రో (పన్ను కోసం లోన్ కంపెనీ డబ్బు పక్కన పెట్టే ఖాతా) నుంచి కట్టేవాళ్లు, కంపెనీ పన్ను కట్టిందో లేదో డిసెంబరులోనే చూసుకోవాలి.

7. ఏజెంట్ ఫారంలో తేదీ రాయించండి

మీ తరఫున మాట్లాడేందుకు 50-162 అనే ఫారం మీద సంతకం తీసుకుంటారు. అందులో ముగింపు తేదీ గడి ఖాళీగా వదిలేస్తే, మీరు రద్దు చేసేదాకా అది నడుస్తూనే ఉంటుంది. మీకు రావాల్సిన నోటీసులు కూడా ఏజెంట్‌కే వెళ్లేలా టిక్ పెట్టి ఉందేమో చూడండి. ఒక్క ఏడాదికే అయితే ఆ తేదీ మీ చేత్తోనే రాసి, ఒక కాపీ దగ్గర ఉంచుకోండి.