మోడల్ మీద పాలరాయి కుదరడం లేదా? ఎక్కడ తేడా కొడుతోందో చూద్దాం

కర్నూలులో అపార్ట్‌మెంట్ మోడళ్లు, గుడి నమూనాలు చేయడం నా పని. గోడల గురించో కిటికీల గురించో నాకెవరూ ఫోన్ చేయరు. "అన్నా, లాబీలో మార్బుల్ వేసినా. గచ్చు మీద పాలు ఒలికినట్టుంది, ఏం చేయాల?" అని మాత్రం ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. వాళ్లందరికీ విడివిడిగా చెప్పింది ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నేను వాడేది మామూలు అక్రిలిక్ రంగులు. వాటిని సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ షీటు) మీదో ప్లాస్టిక్ షీటు మీదో ప్రైమర్ కొట్టాక వేస్తాను. ట్యాంకులు, సైనికుల మోడళ్లు చేసేవాళ్లకూ ఇవే తంటాలు.

"చారలు గీశాను, గోడ పగిలినట్టు కనిపిస్తోంది"

పదిమందిలో ఏడుగురి సమస్య ఇదే. పైకి కనిపించే కారణం చార మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు, ఒకే ముదురు ఉండటం. బ్రష్‌ను పెన్నులా పట్టుకుంటే చెయ్యి గీతే గీస్తుంది, చార గీయదు.

అసలు కారణం మాత్రం, ఆ రాయిని మనం ఎప్పుడూ సరిగా చూడకపోవడం. సున్నపురాయి భూమి లోపల వేడికీ ఒత్తిడికీ మారితే పాలరాయి అవుతుంది. అందులో చిక్కుకున్న బంకమన్ను, ఇనుము లాంటివే మనకు చారలుగా కనిపిస్తాయి. అంటే అవి రాయి పైన పూసినవి కావు, రాయి మందంలో ఉన్నవి. కొన్ని పైకి తేలతాయి, కొన్ని మీగడ కింద పాలలా మసకగా ఉంటాయి.

ఒకసారి బేతంచెర్లలో పాలిష్ బండల యార్డుకు పోయాను. అక్కడ దొరికేది పాలరాయి కాదు, సున్నపురాయే. అయినా చారల సంగతి నాకు అర్థమైంది అక్కడే. మేస్త్రీ ఒకాయన ఒక బండ నిలబెట్టి, "ఈ గీత యాడ మొదలైంది, యాడ ఆగిపోయింది, చెప్పు నాయనా చూస్తాం" అన్నాడు. పది నిమిషాలు చూశాను. చెప్పలేకపోయాను. ఎక్కడో మసకలోంచి వచ్చి, కాసేపు సన్నగా నడిచి, ఒకచోట లావై, మళ్లీ మసకలోకి పోయింది.

దీన్ని మోడల్ మీద తెచ్చే పద్ధతి ఇది. సున్నా నంబరు బ్రష్‌ను కొసన పట్టుకోండి, వెంట్రుకల దగ్గర కాదు. బూడిద రంగును పాలంత పల్చగా కలపండి. లాగకుండా, వేళ్ల మధ్య బ్రష్‌ను తిప్పుతూ ముందుకు తోయండి. చెయ్యి కొంచెం వణికితే ఇంకా మంచిది. తడి ఆరకముందే చారకు ఒక పక్క అంచును తడిబ్రష్‌తో చెరపండి, రెండో పక్క పదునుగానే ఉండనివ్వండి. బాగా ఆరాక పైన పల్చని తెలుపు పొర ఒకటి వేయండి. ఒక వంతు రంగుకు ఆరేడు వంతులు గ్లేజ్ మీడియం (రంగును పల్చన చేసే పారదర్శక ద్రవం) కలిపితే సరిపోతుంది. వట్టి నీళ్లు కలిపితే అంచుల్లో మరకలు కడుతుంది. ఇప్పుడు చారలన్నీ పాలలో మునిగినట్టు అవుతాయి. వాటిలో మూడింట ఒకదాన్ని మాత్రం, అదీ ముక్కలు ముక్కలుగా, మళ్లీ దిద్దండి. మళ్లీ తెలుపు. ఇలా రెండు సార్లు చేస్తే చాలు, మూడోసారి నాకైతే ఎప్పుడూ చెడిపోయింది.

దిశ కూడా చూసుకోండి. చారలన్నీ దాదాపు ఒకే వాలులో పోవాలి. కత్తెరలా ఒకదాన్నొకటి కోసుకోకూడదు, పంగలకర్రలా చీలాలి.

"విడిగా బాగుంది, మోడల్లో పెడితే తేలిపోతోంది"

ఇది చేతి తప్పు కాదు, లెక్క తప్పు. 1:50 స్కేల్లో, అంటే నిజం కొలతలో యాభయ్యో వంతులో, రెండడుగుల టైలు అంటే 12 మిల్లీమీటర్లు. నిజం రాతిలో చార అర సెంటీమీటరు ఉందనుకుంటే, మోడల్ మీద అది 0.1 మిల్లీమీటరు. అంటే తల వెంట్రుకంత. 1:100లో అందులో సగం. ఎంత మంచి బ్రష్ అయినా అంత సన్నగా గీయదు.

ఇది తెలియక నేను మొదట్లో ఒక ప్రమోటరుకు 1:100 లాబీ అంతా చారలతో నింపి పంపించాను. ఆయన ఒంగి చూసి, "తుంగభద్ర, హంద్రీ రెండూ మీ లాబీలోనే పారుతున్నట్టున్నాయి సార్" అన్నాడు. కర్నూలోళ్ల ఎగతాళి అది, కానీ నిజమే చెప్పాడు. రాత్రికి రాత్రి పీకేసి మళ్లీ వేశాను.

1:100, అంతకన్నా చిన్న స్కేళ్లలో చారలు మానేయండి. మూడు రకాల తెలుపు కలుపుకోండి. ఒకటి కాస్త పసుపు కలిసింది, ఒకటి కాస్త బూడిద, ఒకటి మామూలు. టైలుకో రకం కలగాపులగంగా వేయండి. కన్ను దాన్నే పాలరాయి అనుకుంటుంది. 1:50లో నాలుగైదు టైళ్లకు ఒకదానికి మాత్రం చార వేయండి. 1:35లో చేసేవాళ్లకు కాస్త వెసులుబాటు ఉంది, టైలు 17 మిల్లీమీటర్లు వస్తుంది కాబట్టి పైన చెప్పిన పని అంతా చేయొచ్చు.

"టైళ్లు కాదు, లినోలియం పరిచినట్టుంది"

చార ఒక టైలు నుంచి పక్క టైల్లోకి నేరుగా దాటిపోతోంది. అన్నీ ఒకే షీటు మీద వేసి తర్వాత గీతలు గీసి ఉంటారు. పెద్ద షీటుకు రంగు వేసి, టైళ్లుగా కోసి, పేకముక్కల్లా కలిపి, కొన్నింటిని తిప్పి అంటించండి. అంతే.

"వార్నిష్ కొట్టగానే చారలన్నీ ముదిరిపోయాయి"

మళ్లీ ఆ మేస్త్రీ దగ్గరికే పోవాలి. ఎండిన బండ బూడిద గచ్చులా ఉండింది. ఆయన మగ్గుతో నీళ్లు చల్లాడు. ఒక్కసారిగా రాయి నల్లబడి, అప్పటిదాకా కనపడని గీతలన్నీ బయటికి వచ్చాయి. గరుకుగా ఉన్న ఉపరితలం వెలుతురును నాలుగు వైపులా చెదరగొడుతుంది కాబట్టి రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. తడి దాన్ని నున్న చేస్తే లోపలి రంగు తెలుస్తుంది. వార్నిష్ చేసేదీ అదే పని. మీరు మాట్‌గా, అంటే మెరుపు లేకుండా, ఆరిన రంగును చూసి "ఇంకాస్త ముదురు వేద్దాం" అనుకున్నారు, అక్కడే దెబ్బ తిన్నారు.

వార్నిష్ కొట్టకముందే, రంగు పూర్తిగా ఆరాక, శుభ్రమైన బ్రష్‌తో నీళ్లు పూసి చూడండి. తడిగా ఉన్నప్పుడు కనిపించేదే చివరికి మిగిలేది. ఇప్పటికే ముదిరిపోయి ఉంటే, వార్నిష్ ఆరాక 2000 నంబరు వాటర్ పేపరుతో (సన్నని గరుకు కాగితం) తేలిగ్గా రుద్ది, పల్చని తెలుపు ఒక పొర వేసి, మళ్లీ వార్నిష్ కొట్టండి. నిజానికి ఇలా రెండు వార్నిష్‌ల మధ్య చిక్కిన చారకే లోతు ఎక్కువ కనిపిస్తుంది. నేనిప్పుడు కావాలనే అలా చేస్తున్నాను.

"రంగు కలిపేలోపే ఆరిపోతోంది"

ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటిపోతుంది, మేడమీది గదిలో ఇంకా ఎక్కువ. అక్రిలిక్ రంగు బ్రష్ మీదే గట్టిపడుతుంది. ఫ్యాను వేసుకుంటే ఇంకా తొందరగా. నేను ఆ రెండు నెలలు తెల్లవారుజామున ఐదింటికి కూర్చుంటాను, ఎనిమిదింటికి లేస్తాను. పాత టిఫిన్ బాక్సులో తడి స్పాంజి పరిచి, దానిమీద బటర్ పేపర్ వేసి, రంగులు అక్కడే కలుపుకుంటే సాయంత్రం దాకా తడిగా ఉంటాయి. దుకాణంలో దొరికే రిటార్డర్ (రంగును ఆలస్యంగా ఆరనిచ్చేది) ఒక చుక్క వేసుకోవచ్చు. కొందరు గ్లిజరిన్ వాడతారు. అది కొంచెం ఎక్కువైతే రంగు ఎన్నాళ్లైనా జిగటగానే ఉంటుంది, దుమ్ము పట్టుకుంటుంది, జాగ్రత్త.

"అంతా బురద రంగు అయింది"

తడి మీద తడి వేస్తూ పోయారు, లేదా నాలుగైదు రంగులు దించారు. తెలుపు, ఒక బూడిద, దానికన్నా ముదురు ఇంకొకటి, ఇంతకు మించి వద్దు. ఆ బూడిదను తెలుపులో నలుపు కలిపి చేయకండి, నీలిగా చచ్చినట్టు వస్తుంది. బర్న్‌ట్ అంబర్, అల్ట్రామెరైన్ బ్లూ కలిపి, దాన్ని తెలుపులో వేయండి. వెచ్చగా కావాలంటే అంబర్ పెంచండి, చల్లగా కావాలంటే నీలం పెంచండి. ఇప్పటికే బురదైతే ఇంకా రుద్దకండి. ఆరనిచ్చి, పైన స్పాంజితో తెలుపు అద్దండి. ఆ బురద కింద మసక మేఘంలా పనికొస్తుంది.

"స్ప్రే వార్నిష్ పాలలా తెల్లబడింది"

వానాకాలం సమస్య. డబ్బాలోంచి వచ్చే ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దానిమీద పట్టుకుంటుంది. ఎండ కాసే రోజు కోసం ఆగి, గ్లాస్ (మెరిసే) వార్నిష్‌ను పల్చగా ఇంకోసారి కొడితే చాలావరకు తెరిపి ఇస్తుంది. మాట్ వార్నిష్ మందంగా పడి తెల్లబడితే దానిమీద కూడా గ్లాస్ వార్నిష్‌నే కొట్టండి.

"చార గీస్తుంటే కింది రంగు లేచి వస్తోంది"

పై రంగులోని ద్రావకం కింది రంగును తింటోంది. అక్రిలిక్ మీద లాకర్ కొట్టకూడదు. కింద లాకర్ (ఘాటైన థిన్నర్‌తో కలిపే రంగు), దానిమీద అక్రిలిక్, అన్నిటికన్నా పైన ఎనామెల్ లేదా ఆయిల్, ఈ వరసలో వెళ్లండి. అన్నీ అక్రిలిక్కే అయినా లేస్తోందంటే కింద పొర ఆరలేదు. రాత్రంతా వదిలేయండి.

"వెట్ వైప్స్ పద్ధతి పని చేయలేదు"

వైప్‌ను ముందు పూర్తిగా ఎండబెట్టి, దూది పింజలా పోగులు విడిపోయేదాకా లాగి, ముక్క మీద బిగుతుగా పరిచి, ఆ సందుల్లోంచి ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న గన్) కొట్టి చారలు తెప్పించడం ఈ పద్ధతి. తడిగానే పరిచినవాళ్లకూ, సరిగా లాగనివాళ్లకూ వలలాంటి గుర్తులే వస్తాయి. గాలి ఒత్తిడి 15 పీఎస్ఐ చుట్టుపక్కల ఉంటే చాలు. ఒకసారి కొట్టి ఊరుకోకండి, వైప్‌ను జరిపి ఇంకో రంగు కొట్టండి. ఎయిర్‌బ్రష్ లేకపోతే స్ప్రే డబ్బాను అడుగు దూరం నుంచి, ఒక్క క్షణం మాత్రమే నొక్కండి.

"కడప బండ వేస్తే ప్లాస్టిక్‌లా ఉంది"

మన వంటగట్టు మోడల్ చేసేవాళ్లంతా పడే తప్పు ఇది. నల్లబండ కదా అని డబ్బాలోని నలుపు పూసి, గ్లాస్ వార్నిష్ కొట్టేస్తారు. అది పాలరాయి కాదు, నల్లటి సున్నపురాయి. చారలు ఎంత వెతికినా చాలా బండల్లో ఉండవు. ఉన్నచోట తెల్లటి కాల్సైట్ గీత ఒకటో రెండో, దారంలా. ముందు ముదురు బూడిద వేయండి, అందులో పిసరంత నీలం ఉండాలి. దానిమీద స్పాంజితో ఇంకాస్త ముదురు, ఇంకాస్త లేత, మచ్చలు మచ్చలుగా అద్దండి. పైన సాటిన్ (సగం మెరుపు) వార్నిష్ కొట్టండి, గ్లాస్ వద్దు. చివరగా స్టవ్ పెట్టేచోట, చేతులు ఆనే అంచున మాత్రం కొంచెం మెరుపు వార్నిష్ బ్రష్‌తో పూయండి. రోజూ తుడిచే బండ అక్కడే నున్నబడుతుంది.