దక్షిణ అమెరికాలో దంపతుల బ్యాక్‌ప్యాకింగ్: నెలల లెక్క నుంచి సంచుల సర్దుబాటు దాకా

వీపున సంచీ తగిలించుకుని రెండు మూడు నెలలు దక్షిణ అమెరికా తిరిగి రావాలనుకునే దంపతులు ఊళ్ల జాబితా కంటే ముందు నెలల లెక్క చూసుకోవాలి. అక్కడ ఋతువులు మనకు తలకిందులు కాబట్టి ఖండపు దక్షిణ కొసన చిలీ, అర్జెంటీనాలలో పరచుకున్న పటగోనియాలో వేసవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉంటుంది. పెరూ, బొలీవియా కొండల్లో మాత్రం మే నుంచి సెప్టెంబరు దాకా ఆకాశం తేటగా ఉండి, డిసెంబరు తరువాత వానలు పట్టుకుంటాయి. ఈ రెండింటికీ కుదిరే దారి ఒకటి ఉంది. సెప్టెంబరులో పెరూ రాజధాని లిమాలో దిగి, అదే దేశంలోని కుస్కో, బొలీవియాలోని లా పాజ్, ఉయూని మీదుగా దక్షిణానికి జరుగుతూ నవంబరులో పటగోనియా చేరుకుని, డిసెంబరు మొదటి పక్షంలో ఇగ్వాసు జలపాతాలు, బ్రెజిల్‌లోని రియో తీరం చూసి ముగించవచ్చు. క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో రియోలో గదుల అద్దెలు బాగా పెరుగుతాయి కనుక అంతకు ముందే తిరుగు ప్రయాణం పెట్టుకోవడం మేలు.

బయలుదేరే ముందు వాయిదా వేయకూడని పని ఎల్లో ఫీవర్ టీకా. పెరూ, బొలీవియా, బ్రెజిల్ వంటి దేశాల నుంచి వచ్చేవారి దగ్గర ఆ ధ్రువపత్రం లేకపోతే, భారతదేశంలో దిగగానే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచే నిబంధన ఉంది. టీకా వేయించుకున్న 10 రోజుల తరువాతే ఆ పత్రం చెల్లుతుంది. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. వీసా నిబంధనలు దేశానికొక తీరుగా ఉండి తరచూ మారుతుంటాయి కాబట్టి, టికెట్లు కొనకముందే ప్రతి దేశపు రాయబార కార్యాలయం చెప్పేది చదువుకోవాలి.

సామాను విషయంలో చాలామంది దంపతులు ఒకరి సంచీలో బట్టలు, మరొకరి సంచీలో మందులు, కాగితాలు అని పంచుకుంటారు. ఇది పొరపాటని నా గట్టి అభిప్రాయం. బస్సు డిక్కీలో ఒక సంచీ పోయినా రెండోదానితో ఇద్దరికీ గడిచేలా, ఇద్దరి బట్టలూ, మందులూ రెండు సంచుల్లోనూ సగం సగం ఉండాలి. ఎవరి పాస్‌పోర్టు వారి దగ్గర, ఎవరి బ్యాంకు కార్డు వారి దగ్గర, కొద్దిపాటి డాలర్లతో పాటు ఆ రాత్రి బస చిరునామా రాసిన కాగితం ఇద్దరి జేబుల్లోనూ ఉండాలి. స్పానిష్ కూడా ఒకరే నేర్చుకుని రెండోవారు వెనకాల నిలబడితే, కిక్కిరిసిన బస్టాండులో విడిపోయిన రోజున ఆ రెండోవారు నిజంగా ఇబ్బంది పడతారు. గది అడిగేటప్పుడు పెరూ, బొలీవియాలలో ‘మత్రిమోనియాల్’ అంటే ఇద్దరికీ కలిపి ఒకే పెద్ద మంచం అనీ, ‘దోబ్లె’ అంటే రెండు మంచాలు కావచ్చనీ గుర్తుంచుకోవాలి. ఒకే గదిలో పలువురు పడుకునే చవక బసలైన హాస్టళ్లలో ఇద్దరు రెండు పడకలకు ఇచ్చే సొమ్ముకు కాస్త కలిపితే చాలాచోట్ల విడి గదే దొరుకుతుంది.

ఈ ప్రయాణంలో అన్నిటికంటే జాగ్రత్త కావలసింది ఎత్తు దగ్గర. లిమా సముద్రపు ఒడ్డున ఉంది, కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. విమానం దిగిన రోజునే కుస్కోలో సాన్ బ్లాస్ పేట రాతిమెట్లు ఎక్కబోతే, ఇరవై మెట్లకే గుండె దడదడలాడి, రాత్రికి తలనొప్పీ వికారమూ మొదలవచ్చు. అక్కడివారు దీనిని ‘సొరోచె’ అంటారు. అందుచేత కుస్కోలో దిగిన వెంటనే దాదాపు 2,800 మీటర్ల ఎత్తున్న ఒయ్యాంతాయ్‌తాంబో అనే ఊరికి దిగిపోయి రెండు రాత్రులు ఉండి, అక్కడి నుంచే 2,430 మీటర్ల ఎత్తున ఉన్న పాత ఇంకా నగర శిథిలాలు మాచు పిచు చూసుకుని, తరువాత కుస్కోకు ఎక్కడం శరీరానికి అనుకూలమైన వరుస. ఎత్తు ఇద్దరినీ ఒకేలా పట్టుకోదు. ఒకరు హుషారుగా ఉండగా మరొకరు మంచం దిగలేకపోవచ్చు. ఎవరికి బాగాలేకపోతే వారి మాటే ఆ రోజు చెల్లుతుందని ఇంట్లోనే ఒప్పందం చేసుకోండి. కొకైన్ మత్తుమందుకు మూలమైన కోకా ఆకుల టీ అక్కడ చాలా బసల్లో ఇస్తారు, కానీ ఆ ఆకులను మాత్రం సరిహద్దు దాటించకూడదు.

ఉయూని ఉప్పు మైదానం నుంచి చిలీలోని సాన్ పెద్రో దె అటకామా దాకా మూడు రోజుల జీపు ప్రయాణంలో దారి 4,800 మీటర్లు దాటుతుంది, రాత్రులు గడ్డకట్టే చలి ఉంటుంది. ఎత్తుకు ఒక వారమైనా అలవాటుపడ్డాకే దీనికి సిద్ధపడాలి. చిలీ సరిహద్దులో పండ్లు, విత్తనాలు, తేనె వంటివాటి తనిఖీ చాలా కఠినం. మన వాళ్ల సంచుల్లో తప్పక ఉండే పోపుగింజలను, పొడులను కూడా పత్రంలో రాసి చూపించాలి. రాసి చూపితే మహా అయితే తీసేసుకుంటారు, దాచితే జరిమానా పడుతుంది.

శాకాహారులు ‘సిన్ కార్నె’ (మాంసం లేకుండా) అని మాత్రమే చెబితే కోడిమాంసం రావచ్చు, కాబట్టి ‘సిన్ పోయో, సిన్ పెస్కాదో’ అని కోడి, చేప కూడా వద్దని చెప్పాలి. బ్రెజిల్‌లో తూకం లెక్కన అమ్మే ‘పోర్ కిలో’ భోజనశాలల్లో అన్నం, కూరగాయలు కావలసినంత పెట్టుకోవచ్చు. చిక్కుడుగింజల కూరలో పంది ముక్కలు ఉండే అవకాశం ఉంది, అడగడం అవసరం.

పటగోనియాలోని తోర్రెస్ దెల్ పైనె పార్కులో డబ్ల్యూ అక్షరం ఆకారంలో సాగే నడకకు నాలుగైదు రోజులు పడుతుంది. అనుమతి ఉన్న శిబిరాల్లోనే, ముందుగా బుక్ చేసుకునే, రాత్రి గడపాలి. మంటలు వేయడం నిషిద్ధం. 2011 చివర రాజుకున్న మంటలో అక్కడ సుమారు 17,000 హెక్టార్లు కాలిపోయాయి. గాలి మనిషిని పక్కకు తోసేంత బలంగా వీస్తుంది కనుక గొడుగును ఇంట్లో వదిలి, మంచి వానకోటు తీసుకెళ్లాలి.

ఇగ్వాసుకు రెండు రోజులు కేటాయించండి. అర్జెంటీనా వైపు నీటికి చేరువగా నడిపిస్తుంది, బ్రెజిల్ వైపు మొత్తం దృశ్యాన్ని ఎదురుగా చూపిస్తుంది. అక్కడ తిరిగే కోతీలు అనే పొడుగుముక్కు జంతువులు చేతిలోని తిండి లాక్కుంటాయి, కరుస్తాయి కూడా. రియోలో కోపకబానా తీరానికి పాస్‌పోర్టు, కెమెరా తీసుకెళ్లకుండా ఒక బట్ట, కొద్దిపాటి చిల్లర మాత్రమే పట్టుకెళ్లాలి. ఒకరు నీళ్లలోకి దిగితే మరొకరు ఒడ్డున సామాను దగ్గరే కూర్చోవాలి, ఎర్రజెండా కనిపించిన చోట ఇద్దరూ దిగకూడదు.