విదేశీ సర్క్యూట్‌లో ట్రాక్ డే: డబ్బు కట్టే ముందు ఆర్గనైజర్‌ని ఏమడగాలి

విదేశంలో ట్రాక్ డే, అంటే ఫీజు కట్టి రేసు సర్క్యూట్‌లో కారు నడుపుకునే రోజు, అనగానే అందరూ ముందు సర్క్యూట్ పేరే చూస్తారు. బెల్జియంలో స్పా, పోర్చుగల్‌లో పోర్టిమావో, మలేషియాలో సెపాంగ్, జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్. ఏళ్ల తరబడి టీవీలో చూసిన మలుపులో మన చేత్తో స్టీరింగ్ తిప్పాలన్న కోరికతోనే కదా ఇదంతా మొదలయ్యేది, అందులో తప్పేం లేదు. కానీ అదే సర్క్యూట్‌ను ఒక రోజు ఒకరు, ఇంకో రోజు ఇంకొకరు అద్దెకు తీసుకుని నడుపుతారు. తారు అదే, మలుపులు అవే, కానీ మీ రోజు ఎలా గడుస్తుందన్నది మాత్రం ఆ అద్దెకు తీసుకున్నవాళ్ల చేతిలో ఉంటుంది.

నా మొదటి విదేశీ ట్రాక్ డేకి నేను చూసుకున్నవి రెండే, సర్క్యూట్ పేరు, తక్కువ ఫీజు. ఆ రోజు పొద్దున్నుంచీ రెడ్ ఫ్లాగ్ మీద రెడ్ ఫ్లాగ్, అంటే ట్రాక్ ఆపేసి అందరినీ వెనక్కి రమ్మనే ఎర్రజెండా. ఆగిపోయిన కార్లను లాక్కురావడానికి ఉన్న రికవరీ బండి ఒక్కటే, అది వెళ్లి వచ్చేసరికి ఒక్కోసారి అరగంట పట్టేది. మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో ట్రాక్ పక్కన కార్లు ఆగే పిట్ లేన్‌లో ఎవరినడిగినా తెలీదన్నారు. సాయంత్రం లెక్కేసుకుంటే నేను నడిపింది నలభై నిమిషాలు కూడా లేదు. విమానం టికెట్లు, హోటల్, కారు అద్దె అన్నీ కలిపి ఆ నిమిషాలతో భాగిస్తే ప్రాణం ఉసూరుమంది. అప్పట్నుంచి నేను ఆర్గనైజర్‌ని ముందుగా అడిగేది, ఆ రోజు ఏదైనా తేడా వస్తే మీరేం చేస్తారని. దానికి వాళ్లు చెప్పే సమాధానాన్ని బట్టే ఎంచుకుంటాను.

ముందు నిమిషాల లెక్క చూద్దాం. ట్రాక్ డేలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి సెషన్ల పద్ధతి, అందరినీ అనుభవాన్ని బట్టి రెండు మూడు గ్రూపులు చేసి ఇరవై నిమిషాల చొప్పున వంతులవారీగా వదులుతారు. రెండోది ఓపెన్ పిట్ లేన్, మీకు నచ్చినప్పుడు వెళ్లొచ్చు, అలసిపోతే వచ్చేయొచ్చు. మూడు గ్రూపులుండి రోజులో ఏడు గంటలు ట్రాక్ తెరిచి ఉంటే మీ వంతుకు కాగితం మీద వచ్చేది 140 నిమిషాలు. ఇందులో ప్రతి సెషన్‌లోనూ టైర్లు వేడెక్కించే మొదటి ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు), బ్రేకులు చల్లార్చుకునే చివరి ల్యాప్ తీసేయండి. పోర్టిమావో లాంటి సుమారు 4.65 కిలోమీటర్ల ట్రాక్‌లో ఈ రెండింటికే ఐదు నిమిషాల దాకా పోతుంది. మీ సెషన్ మధ్యలో రెడ్ ఫ్లాగ్ పడి, ఆ పోయిన సమయం తిరిగి ఇచ్చేది లేదంటే ఇంకేం మిగలదు. అందుకే 'రెడ్ ఫ్లాగ్‌లో పోయిన టైమ్‌ని ఆ గ్రూపుకి తిరిగి ఇస్తారా, లేక గడియారం ప్రకారం తర్వాతి గ్రూపుని వదిలేస్తారా' అని సూటిగా అడగండి. ఓపెన్ పిట్ లేన్ రోజుల్లో ఈ ఇబ్బంది తక్కువ, నాకు అవే ఇష్టం. కానీ మొదటిసారి వెళ్లేవాళ్లకు గ్రూపులే మేలంటాను, అద్దం నిండా పెద్ద కార్లు కనిపిస్తుంటే వచ్చే టెన్షన్‌లో కొత్త ట్రాక్ నేర్చుకోవడం చాలా కష్టం.

తర్వాత కార్ల సంఖ్య. ఇక్కడ రెండు అంకెలు విడివిడిగా అడగాలి. మొత్తం ఎన్ని బుకింగులు తీసుకుంటారు, ఒకేసారి ట్రాక్ మీదికి ఎన్ని కార్లను వదులుతారు. రెండో అంకె చెప్పడానికి నసిగితే నేను అక్కడితో ఆగిపోతాను. ఏడు కిలోమీటర్ల స్పాలో సర్దుకుపోయే సంఖ్య అందులో సగం పొడవున్న ట్రాక్‌లో ట్రాఫిక్ జామే అవుతుంది. ఓవర్‌టేక్ నియమం కూడా అడగండి. ఏ వైపు నుంచి దాటాలి, నేరుగా ఉన్నచోట మాత్రమేనా, ముందున్న వ్యక్తి ఇండికేటర్ వేసి దారి ఇస్తేనేనా. ఇది దేశాన్ని బట్టే కాక ఆర్గనైజర్‌ని బట్టి కూడా మారుతుంది. నియమం కఠినంగా ఉన్నంత మాత్రాన సరిపోదు, తప్పినవాళ్లను ఆ రోజు నిజంగా బయటికి పంపుతారా లేదా అన్నది అంతకు ముందు వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లను అడిగితేనే తెలుస్తుంది.

నూర్‌బుర్గ్‌రింగ్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. అక్కడి పాత, పొడవాటి ట్రాక్ నార్డ్‌ష్లైఫ్ 20.8 కిలోమీటర్లు. టికెట్ కొనుక్కుని ఎవరైనా నడపగలిగే టూరిస్ట్ సెషన్లు ట్రాక్ డేలు కావు. ఆ సమయంలో అది టోల్ కట్టి వెళ్లే రోడ్డు కింద లెక్క, జర్మనీ ట్రాఫిక్ చట్టం వర్తిస్తుంది, ఎడమ వైపు నుంచే దాటాలి, ల్యాప్ టైమ్ కొలవకూడదు. మీ వెనకే స్పోర్ట్స్ కారు రావచ్చు, ముందు కుటుంబంతో వచ్చిన వ్యాన్ ఉండొచ్చు. ఆర్గనైజర్ మొత్తం ట్రాక్‌ను అద్దెకు తీసుకుని నడిపే రోజు వేరు, ఫీజు కూడా బాగా ఎక్కువ. ప్యాకేజీ అమ్మేవాళ్లు 'నూర్‌బుర్గ్‌రింగ్‌లో డ్రైవింగ్' అని మాత్రమే రాస్తే అది టూరిస్ట్ సెషనా ట్రాక్ డేనా, నార్డ్‌ష్లైఫా లేక పక్కనున్న గ్రాండ్ ప్రీ సర్క్యూటా, రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇప్పుడు ఇన్సూరెన్స్. ఈ విషయంలో దయచేసి బద్ధకించకండి. మామూలు కారు ఇన్సూరెన్స్ పాలసీలు చాలావరకు సర్క్యూట్‌లో నడపడాన్ని మినహాయిస్తాయి. మామూలు అద్దె కార్ల ఒప్పందాల్లోనూ ఇదే నిషేధం ఉంటుంది, ఎయిర్‌పోర్ట్‌లో తీసుకున్న కారుతో ట్రాక్ ఎక్కి గుద్దితే కారు మొత్తం ఖరీదు మీ మీద పడొచ్చు. ట్రాక్ డేకి ఒక్కరోజు పాలసీలు దొరుకుతాయి, కానీ అవి సాధారణంగా మీ కారుకి జరిగిన దెబ్బకే, అందులోనూ ముందు మీరు భరించాల్సిన వాటా పెద్దదిగా ఉంటుంది. ఇంజిన్ పోతే వర్తించదు. సర్క్యూట్ ఆస్తికి జరిగిన నష్టం మరో పద్దు. బారియర్‌ని గుద్దితే ఎన్ని మీటర్లు మార్చాల్సి వస్తే అంతకూ, ఆయిల్ కారితే దాన్ని శుభ్రం చేసినందుకూ, కారును లాక్కొచ్చినందుకూ బిల్లు వేసే చోట్లు ఉన్నాయి. నార్డ్‌ష్లైఫ్‌లో గార్డ్ రెయిల్ పాడైతే డ్రైవర్ దగ్గరే వసూలు చేస్తారు. ఈ ఛార్జీల పట్టిక పంపమని ఆర్గనైజర్‌ని అడగండి. మంచివాళ్లు వెంటనే పంపుతారు, ఎందుకంటే రోజు చివర మీతో గొడవ పడటం వాళ్లకీ ఇష్టం ఉండదు. ఇక మీ శరీరం సంగతి. ప్రయాణ ఇన్సూరెన్స్‌లో మోటార్ స్పోర్ట్స్ మినహాయింపు చాలా మామూలు. ఆసుపత్రి ఖర్చు, ఇంటికి చేర్చే ఖర్చు ఎవరు భరిస్తారో పాలసీ కాగితంలో చదివాకే బయల్దేరండి.

ఆర్గనైజర్ దగ్గరే ట్రాక్ కారు అద్దెకు తీసుకుంటే పని సులువవుతుంది, అడగాల్సినవి మాత్రం పెరుగుతాయి. డిపాజిట్ ఎంత, గుద్దితే నా గరిష్ఠ బాధ్యత ఎంత, గేర్ తప్పు వేసి ఇంజిన్ పాడైతే ఎవరిది, టైర్లు బ్రేకులు ఫీజులో ఉన్నాయా, కిలోమీటర్ల పరిమితి ఉందా, మధ్యాహ్నం కారు చెడిపోతే ఇంకో కారు ఇస్తారా లేక మిగిలిన డబ్బు వెనక్కి ఇస్తారా. ఈ చివరి ప్రశ్నకు వచ్చే సమాధానం నాకు అన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది.

సొంత కారుతో వెళ్లేవాళ్లకు మాత్రం శబ్దం పెద్ద సమస్య. సర్క్యూట్ చుట్టూ ఊళ్లుంటాయి, వాళ్ల ప్రశాంతత కోసం డెసిబెల్ పరిమితులుంటాయి, స్పా లాంటి చోట్ల అదే ట్రాక్‌కు ఒక రోజు ఒక పరిమితి, ఇంకో రోజు ఇంకోటి. కొలిచే పద్ధతులు రెండు. కారు నిలబెట్టి, ఎగ్జాస్ట్‌కు అర మీటరు దూరంలో మీటర్ పెట్టి, ఇంజిన్‌ని నిర్ణీత వేగంలో తిప్పి కొలిచేది ఒకటి. ట్రాక్ పక్కన మైకులు పెట్టి మీరు వెళుతుండగా కొలిచేది ఇంకొకటి. మొదటిదాంట్లో పాసైన కారు రెండోదాంట్లో ఫెయిలయ్యే అవకాశం ఉంది, అలా జరిగితే డబ్బు తిరిగి రాకుండానే ఇంటికి పంపేస్తారు. కాబట్టి అంకె ఒక్కటే అడిగితే చాలదు, ఏ పద్ధతిలో కొలుస్తారో కూడా అడగాలి. నాకు బాగా నచ్చిన ఒక ఆర్గనైజర్ నా ఎగ్జాస్ట్ వివరాలు చూసి, 'ఈ తేదీ మీకు పనికిరాదు, పరిమితి ఎక్కువున్న ఇంకో రోజు ఉంది, దానికి రండి' అని రాశాడు. చేతికొచ్చిన బుకింగ్ వదులుకుని మరీ నిజం చెప్పాడు. ఇప్పటికీ నేను ముందు అతని క్యాలెండర్ చూసే మిగతావాళ్లవి చూస్తాను.

భద్రత విషయంలో కనీసం ఇవి ఉండాలి: ట్రాక్ చుట్టూ జెండాలు చూపే మార్షల్స్ తగినంతమంది, అంబులెన్స్, వైద్య సిబ్బంది, అందరికీ తప్పనిసరి బ్రీఫింగ్, తర్వాత నెమ్మదిగా తిప్పే సైటింగ్ ల్యాపులు. బ్రీఫింగ్ మీకు అర్థమయ్యే భాషలో ఉంటుందా అన్నది విదేశంలో చిన్న విషయం కాదు, ఏ జెండాకు ఏం చేయాలో సగం అర్థమై ట్రాక్ మీదికి వెళ్లడం ప్రమాదం. ఇన్‌స్ట్రక్టర్ దొరికితే మొదటి గంటకైనా తీసుకోండి. పోర్టిమావోలో ఎత్తు మీదికి ఎక్కేదాకా అవతల ఏముందో కనిపించని చోట్లున్నాయి, అక్కడ పక్క సీట్లో తెలిసిన మనిషి ఉంటే రోజంతా బాగుపడుతుంది. హెల్మెట్ ఏ ప్రమాణానిది కావాలో కూడా అడగండి, మోటార్‌సైకిల్ హెల్మెట్‌ను కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు.

వాన పడితే ట్రాక్ డే ఆగదు, దానికి డబ్బు వెనక్కి అడగలేం. స్పాలో ఒక మూల తడి, ఇంకో మూల పొడి ఉండటం మామూలే. అయితే సెపాంగ్ మధ్యాహ్నపు వాన లాంటిది పడో, పొగమంచు పట్టో సర్క్యూట్ వాళ్లే ట్రాక్ మూసేస్తే పరిస్థితేంటి, చాలినంత మంది రాలేదని ఆర్గనైజరే రోజు రద్దు చేస్తే డబ్బిస్తారా వేరే తేదీ ఇస్తారా, మీరు రాలేకపోతే మీ చోటు ఇంకొకరికి అమ్ముకోవచ్చా, ఇవన్నీ నియమాల్లో రాసి ఉండాలి. నోటిమాట లెక్కలోకి రాదు.

ఇవన్నీ ఒకే మెయిల్‌లో అడిగేయండి. నేను పంపేది దాదాపు ఇలా ఉంటుంది: 'ఫలానా తేదీకి రావాలనుకుంటున్నాను. ఒకేసారి ట్రాక్ మీద ఎన్ని కార్లు ఉంటాయి? రెడ్ ఫ్లాగ్‌లో పోయిన సమయం తిరిగి ఇస్తారా? శబ్ద పరిమితి ఎంత, ఎలా కొలుస్తారు? సర్క్యూట్ నష్టాల ఛార్జీల పట్టిక, రద్దు నియమాలు, నేను సంతకం చేయాల్సిన బాధ్యత పత్రం ముందే పంపగలరా?' ఆ పత్రం ముందే అడగడం ముఖ్యం, ఉదయం ఏడు గంటలకు క్యూలో నిలబడి ఎవరూ చదవరు. రెండు మూడు రోజుల్లో ప్రతి ప్రశ్నకూ విడిగా జవాబు వస్తే ముందుకెళ్లండి. 'అంతా బాగుంటుంది, కంగారు పడకండి' అని వస్తే వదిలేయండి. జవాబిచ్చినవాళ్లే ట్రాక్‌ను అద్దెకు తీసుకున్నారా, లేక వేరేవాళ్ల సీట్లు అమ్ముతున్నారా అన్నదీ అందులోనే తేలిపోతుంది. అనుమానంగా ఉంటే సర్క్యూట్ సొంత క్యాలెండర్‌లో ఆ తేదీ ఎవరి పేరు మీద ఉందో చూడండి, అక్కడ లేకపోతే సర్క్యూట్ ఆఫీసుకే రాసి అడగండి. బ్రిటన్‌లో అయితే అసోసియేషన్ ఆఫ్ ట్రాక్ డే ఆర్గనైజర్స్ అనే సంఘం ఉంది, అందులో సభ్యులా కాదా చూసుకోవచ్చు.

డబ్బు క్రెడిట్ కార్డుతో కట్టండి, ఆర్గనైజర్ మూతపడితే కనీసం బ్యాంకుకు ఫిర్యాదు చేసుకునే దారి ఉంటుంది. విమానం టికెట్ మాత్రం ఆ రోజు ఖాయంగా జరుగుతుందని ఆర్గనైజర్ నుంచి రాతలో వచ్చాకే కొనండి, తిరుగు ప్రయాణం ట్రాక్ డే మర్నాటికి పెట్టుకోండి.