కొత్త బ్లాగు గూగుల్‌లో కనపడట్లేదా? వరసగా ఇవి చూసుకోండి

బ్లాగు పెట్టి నాలుగైదు పోస్టులు రాసాక అందరూ చేసే పని ఒకటే, గూగుల్‌లో సొంత బ్లాగు పేరు కొట్టి చూసుకోవడం, అది రాకపోతే నీరసం వచ్చేసి రాయడం మానేయడం. మానేయకండి. చాలాసార్లు అక్కడ అడ్డం పడేది మీ రాత కాదు, ఎక్కడో ఉండిపోయిన ఒక సెట్టింగు, లేదంటే గూగుల్‌కి మీ బ్లాగు ఉన్న సంగతే ఇంకా తెలీకపోవడం. పైగా తెలుగులో ఒక విషయం గురించి వెతికితే సరైన జవాబు దొరకడం ఇప్పటికీ కష్టంగానే ఉంది, కాబట్టి తెలిసిన విషయం తెలిసినట్టు రాసేవాళ్ళకి ఇక్కడ చోటు బోలెడంత ఉంది, నేను ఇదంతా కూర్చుని రాసేది కూడా అందుకే. మాట్లాడుకోడానికి వీలుగా మీది మిద్దె తోట బ్లాగు అనుకుందాం, ఇంటి మీద కుండీల్లో మిరప, బెండ, టమాటా పెంచుతూ దాని గురించి రాస్తున్నారు.

ముందు అసలు బ్లాగు గూగుల్‌కి ఎక్కిందో లేదో చూడండి. గూగుల్ పెట్టెలో ఇంగ్లీషులో సైట్ అని కొట్టి, పక్కనే కోలన్ పెట్టి, స్పేస్ ఇవ్వకుండా మీ బ్లాగు అడ్రస్ ఇవ్వండి. మీ పోస్టులు కొన్నైనా కనపడ్డాయంటే బ్లాగు గూగుల్ లెక్కలోకి వచ్చినట్టే, అప్పుడు మీది ర్యాంకు సమస్య, అంటే ఫలితాల్లో ఎక్కడో వెనక ఉండిపోవడం, దాని సంగతి కింద చెప్తా. ఏమీ రాలేదంటే మాత్రం దాదాపుగా ఇంకా ఇండెక్స్ అవ్వలేదనే, అంటే గూగుల్ తన జాబితాలో చేర్చుకోలేదని. ఈ రెండూ వేరు వేరు సమస్యలు, మందు కూడా వేరు. చాలామంది ఇండెక్సే అవ్వని బ్లాగుకి ర్యాంకు చిట్కాలు వెతుక్కుంటూ నెలలు గడిపేస్తారు.

ఇండెక్స్ అవ్వకపోతే మొదట సెట్టింగ్స్. బ్లాగర్‌లో అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద విజిబుల్ టు సెర్చ్ ఇంజిన్స్ అని ఒక బటన్ ఉంటుంది, అది ఆన్‌లో ఉండాలి. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్, రీడింగ్‌లోకి వెళ్తే అడుగున డిస్కరేజ్ సెర్చ్ ఇంజిన్స్ అని ఒక టిక్ బాక్స్, అక్కడ టిక్ ఉండకూడదు. బ్లాగు తయారవుతున్నప్పుడు ఎవరూ చూడకూడదని టిక్ పెట్టి, తయారయ్యాక తీయడం మర్చిపోతారు, లేదా డిజైన్ చేసి ఇచ్చిన అబ్బాయి పెట్టి వదిలేస్తాడు. అది ఉన్నంతకాలం ప్రతి పేజీ మీదా నోఇండెక్స్, అంటే జాబితాలో చేర్చొద్దు అనే గుర్తు వెళ్తుంటుంది, గూగుల్ వచ్చి చూసి కూడా వెనక్కి వెళ్ళిపోతుంది. మిగతావన్నీ ఎంత బాగా చేసినా ఇది ఒక్కటి తప్పుంటే అంతా వృథా.

తర్వాత సెర్చ్ కన్సోల్. మీ బ్లాగు గూగుల్‌లో ఎలా ఉందో మీకు చూపించే సాధనం ఇది, గూగుల్ వాళ్ళదే, ఫ్రీ, 2015 వరకు వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవాళ్ళు. మీ జీమెయిల్‌తో లాగిన్ అయ్యి బ్లాగు అడ్రస్ కలపాలి, అక్కడ రెండు పెట్టెలు కనపడతాయి, డొమైన్ అని ఒకటి, యూఆర్ఎల్ ప్రిఫిక్స్ అని ఒకటి. బ్లాగర్ ఇచ్చే బ్లాగ్‌స్పాట్ అడ్రస్ అయితే రెండోదే తీసుకోండి, బ్లాగు ఏ జీమెయిల్‌తో పెట్టారో అదే జీమెయిల్ వాడితే వెరిఫికేషన్ మామూలుగా దానంతటదే అయిపోతుంది. సొంత డొమైన్, అంటే మీ పేరు మీద వెబ్ అడ్రస్ కొనుక్కుంటే మొదటిది తీసుకుని గూగుల్ ఇచ్చిన కోడ్‌ని డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ సెట్టింగుల్లో టీఎక్స్‌టీ రికార్డుగా పెట్టాలి, చెప్తే పెద్దగా అనిపిస్తుంది గానీ కాపీ పేస్ట్ పనే.

వెరిఫై అయ్యాక సైట్‌మ్యాప్ ఇవ్వండి. మీ బ్లాగులో ఏయే పేజీలున్నాయో గూగుల్‌కి చెప్పే జాబితా అది, దాన్ని మీరు తయారు చెయ్యక్కర్లేదు, బ్లాగరూ వర్డ్‌ప్రెస్సూ వాటంతటవే చేసి పెడతాయి. బ్లాగర్‌లో అడ్రస్ చివర స్లాష్ పెట్టి సైట్‌మ్యాప్ డాట్ ఎక్స్ఎంఎల్ అని కొడితే కనపడుతుంది, వర్డ్‌ప్రెస్‌లో 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి డబ్ల్యూపీ హైఫన్ సైట్‌మ్యాప్ డాట్ ఎక్స్ఎంఎల్ అని ఉంటుంది. అదే సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్స్ దగ్గర ఇచ్చి సబ్మిట్ కొట్టండి. కొత్త బ్లాగుకి మొదట్లో ఒక్కోసారి కుడ్ నాట్ ఫెచ్ అని ఎర్రగా చూపిస్తుంది, బ్రౌజర్‌లో ఆ ఫైలు తెరుచుకుంటోందంటే కంగారు పడకుండా కొన్ని రోజులు వదిలేయండి. ఇంటర్నెట్‌లో పాత సలహాలు కొన్ని సైట్‌మ్యాప్‌ని పింగ్ చెయ్యమని, అంటే ఒక లింకు తెరిచి గూగుల్‌కి కబురు పెట్టమని చెప్తాయి, గూగుల్ 2023లోనే ఆ పద్ధతి ఎత్తేసింది, దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు పైన ఉండే పెట్టెలో, అంటే యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో, మీ ముఖ్యమైన పోస్టు లింకు పేస్ట్ చెయ్యండి, యూఆర్ఎల్ ఈజ్ నాట్ ఆన్ గూగుల్ అని వస్తే రిక్వెస్ట్ ఇండెక్సింగ్ కొట్టండి. రోజుకి ఇన్నే అని పరిమితి ఉంది కాబట్టి మంచి పోస్టులతో మొదలుపెట్టండి. ఒకే లింకుని పదిసార్లు కొడితే పని తొందరగా అవ్వదు, ఈ మాట గూగుల్ వాళ్ళే చెప్పారు. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా పట్టొచ్చు. ఆ పక్కనే టెస్ట్ లైవ్ యూఆర్ఎల్ అని ఉంటుంది, అదొకసారి నడిపి వ్యూ టెస్టెడ్ పేజ్ నొక్కితే గూగుల్‌కి మీ పేజీ ఎలా కనపడుతోందో కోడు, స్క్రీన్‌షాట్ రెండూ చూపిస్తుంది. ఆ కోడులో మీ తెలుగు వాక్యాలు తెలుగుగా కనపడుతున్నాయా లేదా చూడండి, ఎందుకు చూడమంటున్నానో కింద చెప్తా.

కొన్నాళ్ళకి పేజెస్ రిపోర్టులో కొన్ని లింకులు ఇండెక్స్ అవ్వలేదని లిస్టు వస్తుంది, మెయిల్ కూడా పంపిస్తారు, అది చూసి భయపడేవాళ్ళు చాలామంది. బ్లాగర్ వాళ్ళకి రెండు తప్పకుండా వస్తాయి. ఒకటి, లింకు చివర ఎమ్ ఈక్వల్స్ వన్ అని ఉన్నవి, అవి అదే పోస్టుకి మొబైల్ అడ్రసులు, అసలు పోస్టు ఎక్కితే చాలు. రెండోది, బ్లాక్డ్ బై రోబోట్స్ అని, అవి మీ లేబుల్ పేజీలు, అంటే ఒకే విషయం పోస్టులన్నీ ఒకచోట చూపించేవి, బ్లాగర్ కావాలనే వాటిని మూసి ఉంచుతుంది. ఈ రెండిటికీ చెయ్యాల్సింది ఏమీ లేదు. పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్ అంటే లింకు తెలిసింది గానీ ఇంకా వచ్చి చూడలేదని, ఓపిక పట్టండి. క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్ అంటే వచ్చి చూసింది, చదివింది, ప్రస్తుతానికి వద్దనుకుంది. ఇది వచ్చిన పోస్టుని మీరే తెరిచి ఎవరో పాఠకుడిలా చదవండి, నాలుగు లైన్లే ఉందా, వేరేచోట ఉన్నదే మళ్ళీ ఉందా, చదివినవాళ్ళకి ఏమన్నా దొరుకుతుందా అని.

బింగ్‌ని వదలొద్దు. బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో సెర్చ్ కన్సోల్ నుంచి ఇంపోర్ట్ అని ఉంటుంది, రెండు నిమిషాల పని, యాహూ, డక్‌డక్‌గో కూడా ఎక్కువగా బింగ్ ఫలితాల మీదే నడుస్తాయి.

ఇంక రాత సంగతి. అసలు తేడా తెచ్చేది ఇక్కడే.

ముందుగా మీ అక్షరాలు యూనికోడ్ అయ్యుండాలి, అంటే ఫోన్‌లో మామూలుగా టైపు చేసే తెలుగు లాంటివి. డీటీపీ దగ్గర అను ఫాంట్లలో కొట్టించిన మేటర్ తెచ్చి అలాగే పేస్ట్ చేస్తే గూగుల్‌కి అవి అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు, అలాగే చాలామంది వాట్సాప్ కోసం చేసినట్టు కవితనో చిట్కానో రంగుల బొమ్మ మీద రాసి ఆ బొమ్మ ఒక్కటే పోస్టులో పెడతారు, దాని మీద ఉన్నది గూగుల్ సరిగా చదువుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. బొమ్మ పెట్టండి, కింద అదే మేటర్ టైపు కూడా చెయ్యండి. ఇందాక కోడు చూడమన్నది దీనికోసమే.

తర్వాత టైటిల్. "నా తోట కబుర్లు 7" అని పెడితే మీ ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ వెతకరు. మిరప మొక్క ఆకులు ముడుచుకుపోతే ఆ మనిషి ఫోన్ తీసి ఏం కొడతాడో అది టైటిల్ అవ్వాలి, "మిరప ఆకు ముడత ఎందుకొస్తుంది, కుండీలో ఏం చెయ్యాలి" అని. ఇక్కడ ఇంకొంచెం లోతుకి వెళ్తే మీదే పైచేయి, ఎందుకంటే చాలా పేజీలు ఆకు ముడత అని ఒక్కమాటలో తేల్చేసి ఏదో మందు పేరు చెప్పి వదిలేస్తాయి. ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే పై ముడత, అది తామర పురుగుల వల్ల, కిందకి ముడుచుకుని బోర్లించినట్టు అయితే కింద ముడత, అది నల్లి వల్ల, రెండిటికీ చెయ్యాల్సింది ఒకటి కాదు. మీ కుండీలోదే ఒక్కో ఆకు దగ్గరగా ఫోటో తీసి పక్కపక్కన పెట్టి, మీరేం చేశారో, ఎన్నాళ్ళకి కొత్త చిగురు బాగా వచ్చిందో రాస్తే, ఆ పేజీ లాంటిది ఇంకోటి ఉండదు. బెండకి వచ్చే పల్లాకు తెగులు కూడా అంతే, ఈనెలు పసుపు రంగుకి మారిన ఆకు ఫోటో, దాన్ని మోసుకొచ్చే తెల్లదోమ ఆకు అడుగున ఉన్న ఫోటో, ఈ రెండూ మీ సొంతవి ఉంటే చాలు. ఒక సమస్యకి ఒక పోస్టు, పది తెగుళ్ళని ఒక పోస్టులో కుక్కొద్దు.

ఫోటోల పేర్లు ఫోన్ ఇచ్చిన నంబర్లతో అలాగే ఉంచకుండా మార్చి పెట్టండి, ఫోటోకి వివరం రాసే ఆల్ట్ టెక్స్ట్ దగ్గర అందులో ఏముందో తెలుగులో ఒక లైను రాయండి. ఇలాంటి విషయాలకి ఇమేజెస్‌లో వెతికి వచ్చేవాళ్ళు కూడా ఉంటారు.

లింకు అడ్రస్ గురించి. బ్లాగర్‌లో టైటిల్ తెలుగులో ఉంటే అడ్రస్ బ్లాగ్ పోస్ట్ అండర్‌స్కోర్ ఏదో నంబర్ అని వస్తుంది, పబ్లిష్ కొట్టకముందే కుడిపక్క పర్మాలింక్‌లో కస్టమ్ తీసుకుని ఇంగ్లీషు అక్షరాల్లో మిరప ఆకు ముడత అని పెట్టండి. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు అడ్రస్సే వస్తుంది గానీ కాపీ చేస్తే ఒక్కో తెలుగు గుర్తు శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలుగా విడిపోయి మూరెడు పొడుగు అవుతుంది, అక్కడ కూడా స్లగ్, అంటే అడ్రస్‌లో ఆ చివరి ముక్క మార్చుకోవడం మేలు. దీనివల్ల ర్యాంకు ఎగిరిపోదు, పంపుకోడానికి బావుంటుంది, చూసినవాళ్ళకి ఏముందో తెలుస్తుంది. మనవాళ్ళు చాలామంది తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టి వెతుకుతారు కదా, అందుకని మొదటి పేరాలోనో సెర్చ్ డిస్క్రిప్షన్ (పోస్టు గురించి రాసే చిన్న వివరం)లోనో చిల్లీ, లీఫ్ కర్ల్ లాంటి వాడుక మాటలు ఇంగ్లీషులో కూడా ఒకసారి సహజంగా వచ్చేలా రాస్తే మంచిదే. అంతేగానీ పోస్టు అడుగున నలభై కీవర్డ్‌లు గుచ్చడం వద్దు, పేజీ కోడులో ఈ మాటలు పెట్టే కీవర్డ్స్ మెటా ట్యాగ్‌ని అసలు చూడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

పేపర్లో వచ్చింది ఎత్తి రాయడం, ఇంగ్లీషు పేజీల్ని మెషీన్ ట్రాన్స్‌లేషన్ చేసి వందలకొద్దీ దింపడం, ఇవి చెయ్యకండి. 2024 మార్చిలో గూగుల్ స్పామ్ రూల్స్ మార్చి, ర్యాంకుల కోసం గుట్టలుగా పేజీలు దింపేవాటిని సూటిగా అందులో చేర్చింది. ఆ సంగతి పక్కన పెట్టినా, చదివినవాడి మొక్క బతకాలి కదా.

లింకులు. ఒకప్పుడు కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు, అంటే తెలుగు బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకచోట చూపించే సైట్లు ఉండేవి, కొత్త బ్లాగు పెడితే అక్కడ చేర్చగానే చదివేవాళ్ళు వచ్చేసేవాళ్ళు, గూగుల్‌కి కూడా దారి దొరికేది. ఆ పని ఇప్పుడు మనమే చేసుకోవాలి. ముందు మీ పోస్టుల్లోంచి మీ పోస్టులకే లింకులు ఇవ్వండి, వేపనూనె కలిపే విధానం వేరే పోస్టులో ఉంటే ఆకు ముడత పోస్టులో ఆ మాట దగ్గరే లింకు పెట్టండి. అదే విషయం రాసే వేరే బ్లాగర్లు ఉంటే వాళ్ళ మంచి పోస్టుకి మీరే ముందు లింకిచ్చి ఒక మాట చెప్పండి, చాలామంది సంతోషంగా స్పందిస్తారు. ఫేస్‌బుక్‌లో మిద్దె తోట గ్రూపుల్లో ఎవరన్నా అడిగినప్పుడు అక్కడే జవాబు పూర్తిగా చెప్పి, ఫోటోలు ఇక్కడున్నాయండీ అని లింకివ్వండి, వట్టి లింకు పడేసి పోతే ఎవరూ నొక్కరు. వాట్సాప్‌లో పంపిన లింకు గూగుల్‌కి కనపడదు, మనుషులు వస్తారు, అదీ కావాల్సిందే. వెయ్యి బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మీ బ్లాగుకి లింకులు) ఇస్తాం, మొదటి పేజీ గ్యారంటీ అని మెయిళ్ళు వస్తాయి, రూపాయి కూడా ఇవ్వకండి, మొదటి స్థానం గ్యారంటీ ఇవ్వగలిగినవాళ్ళు ఎవరూ లేరు, కొన్న లింకులు గూగుల్ రూల్స్‌కి విరుద్ధం కూడా.

ఇవన్నీ అయ్యి ఒకటి రెండు నెలలు గడిచాక సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ తెరవండి. క్వెరీస్ దగ్గర జనం ఏం కొడితే మీ పేజీ వాళ్ళ కళ్ళబడిందో ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి, ఇంప్రెషన్స్ అంటే ఎన్నిసార్లు కనపడిందో, క్లిక్స్ అంటే ఎంతమంది నొక్కారో, పొజిషన్ అంటే సగటున ఎన్నో స్థానమో. కనపడుతోంది గానీ నొక్కట్లేదంటే టైటిల్ ఒకసారి మార్చి చూడండి. ఇంకా విలువైనది ఏంటంటే, మీరు రాయని ప్రశ్నలకి కూడా మీ పేజీ అడుగున ఎక్కడో కనపడుతుంటుంది, ఉదాహరణకి "మిరప పూత రాలిపోతోంది" అని కొట్టినవాళ్ళకి మీ ఆకు ముడత పోస్టు నలభయ్యో స్థానంలో వస్తోందనుకోండి, వాళ్ళకి కావాల్సిన జవాబు మీ దగ్గర లేదు, ఆ జవాబు మీకు తెలిస్తే పూత రాలడం మీద విడిగా ఒక పోస్టు రాసి, పాత పోస్టులోంచి దానికి లింకిచ్చి, కొత్త లింకుని ఇన్‌స్పెక్షన్‌లో పెట్టి రిక్వెస్ట్ కొట్టేయండి.